ధాత కరువు పిల్లలు ఏ పట్టికలో కనబడతారు?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాత జనాభా లెక్కల గురించి, ముఖ్యంగా వయస్సుల వారీగా, స్త్రీ పురుషుల వారీగా వేసిన పట్టికల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాం. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఒకటిగా ఇచ్చాం.

కందుకూరు నుంచి ఒక పాఠకుడు: మా ముత్తాతల కాలంలో ధాత కరువు వచ్చిందని ఇంట్లో చెప్పుకునేవారు. నెల్లూరు జిల్లా జనాభా 1871లో 13,76,811 ఉండగా 1881 నాటికి 12,20,236కు పడిపోయిందని పాత గెజిటీరులో చదివాను. ఆ కరువులో లక్షా యాభై ఆరు వేలమంది చనిపోయారని దీన్నిబట్టి చెప్పవచ్చునా?

అలా చెప్పకూడదు. ఈ లెక్కలో ఎంతోమంది మృతులు మాయమైపోతారు. 1871 నుంచి 1876 వరకు జిల్లాలో పుట్టినవారు పుడుతూనే ఉన్నారు. 1876లో ఈశాన్య ఋతుపవనం ముఖం చాటేసి కరువు మొదలయ్యే నాటికి జనాభా 1871 కంటె పెరిగే ఉంటుంది. కరువు తీరాక 1879, 1880 సంవత్సరాలలో మళ్లీ కాన్పులు జోరుగా జరిగాయి. ఈ రెండు పెరుగుదలలనూ మింగేసిన తరువాత కూడా పట్టికలో 1,56,575 మంది తక్కువ తేలారంటే, నిజంగా జరిగిన నష్టం ఆ అంకెకంటె పెద్దదన్నమాట. మరోవైపు ఈ తగ్గుదలలో మరణాలతో పాటు పొట్ట చేతబట్టుకుని మద్రాసుకో, ఇంకెక్కడికో పోయి తిరిగిరానివారూ ఉన్నారు, ఆ రెండేళ్లలో పుట్టవలసి ఉండి పుట్టనివారూ ఉన్నారు. మొత్తం జనాభా అంకె ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసి మూతి కట్టేస్తుంది. వాటిని విడదీసి చూడాలంటే వయస్సుల పట్టిక తప్ప దారి లేదు. నా ఉద్దేశంలో పాత జనాభా సంపుటాలలో అన్నిటికంటె విలువైన పేజీలు అవే, అన్నిటికంటె తక్కువమంది చదివే పేజీలూ అవే.

వాటిని ఎలా చదవాలో ఈ కరువుతోనే చూద్దాం. 1876–77 ధాత నామ సంవత్సరం, 1877–78 ఈశ్వర. తిండి లేని ఇంట గర్భాలు నిలవవు, నిలిచినా దక్కవు. కరువు ముదిరిన తొమ్మిది పది నెలలకు కాన్పులు పడిపోవడం మొదలై, కరువు తీరిన తరువాత కూడా కొన్ని నెలలపాటు అలాగే ఉంటుంది. కాబట్టి కాన్పుల పల్లం ముఖ్యంగా 1877, 1878 సంవత్సరాలలో పడుతుంది. ఆ ఏళ్లలో పుట్టి బతికినవారికి 1881 ఫిబ్రవరి 17 రాత్రి జరిగిన లెక్కల నాటికి రెండు నుంచి నాలుగేళ్లు ఉంటాయి. వారికి ముందు పుట్టి, కరువు వచ్చేనాటికి చంటిబిడ్డలుగా ఉన్నవారిలోనూ ఎందరో కలరాకూ జ్వరాలకూ పోయారు. కాబట్టి 1881 పట్టికలోని పల్లం రెండేళ్ల దగ్గర మొదలై ఎనిమిదేళ్ల దాకా సాగుతుంది. అయితే కరువు తరువాత పుట్టిన పసివాళ్లు ఎక్కువమంది ఉండడంవల్ల, 0–5 అని ఒకే గడిలో కలిపి చూస్తే లోటు సగం పూడినట్టు కనిపించి మనల్ని మోసగిస్తుంది. ఈ వయస్సులను ఒక్కొక్క ఏడుగా విడదీసి చూపిన పట్టిక దొరికితే దాన్నే చూడాలి.

ఇక ఆ ఈడువారి వెంట నడవాలి. పదేళ్లకు ఒకసారి వారికి పదేళ్లు పెరుగుతాయి. 1881లో రెండు నుంచి నాలుగేళ్లవారు 1891లో పన్నెండు నుంచి పద్నాలుగేళ్లవారు, 1901లో ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగేళ్లవారు. పల్లం కూడా వారితో పాటే పట్టికలో కిందికి దిగుతుంది. మొత్తం జనాభాను మాత్రమే చూసేవారికి 1881–1891 మధ్య జిల్లా జనాభా 12,20,236 నుంచి 14,63,736కు, అంటే దాదాపు 20 శాతం పెరగడం వింతగా కనిపిస్తుంది. వయస్సులు చూసినవారికి అందులో వింత లేదు. కరువు పసివాళ్లనూ ముసలివాళ్లనూ ముందు తీసుకుపోయింది. మిగిలినవారిలో పిల్లలు కనే ఈడువారి వాటా మామూలుకంటె ఎక్కువ, ఆ పది సంవత్సరాలలో మరణించే ఈడువారి వాటా తక్కువ. వలస పోయినవారిలో కొందరు తిరిగివచ్చి ఉంటారు కూడా. ఆ తరువాతి దశాబ్దంలో, 1901 నాటికి, జనాభా 14,96,987 మాత్రమే అయింది, పెరుగుదల రెండున్నర శాతం కూడా లేదు. దానికి ఆ దశాబ్దపు చెడ్డ వానలూ వలసలూ కారణాలే కాని, 1877, 1878లలో పుట్టవలసి ఉండి పుట్టని ఆడపిల్లలు ఆ దశాబ్దంలోనే తల్లులు కావలసి ఉండిందన్న విషయం మరచిపోకూడదు. ఒక కరువు ఇరవై ఏళ్ల తరువాత కూడా కాన్పుల సంఖ్యను తగ్గించగలదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఆ కరువులో ఆడవారికంటె మగవారే ఎక్కువగా చనిపోయారు. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తంమీద 1871లో పురుషుల సంఖ్య కొద్దిగా ఎక్కువ ఉండగా, 1881లో స్త్రీల సంఖ్య ఎక్కువైంది, నూరుమంది పురుషులకు 102 మంది స్త్రీలు తేలారు. ఆకలిని తట్టుకోవడంలో స్త్రీ శరీరానికి ఉన్న కొంత అదనపు ఓపిక ఒక కారణం. మగవారు కూలి వెతుక్కుంటూ దూరాలు నడిచి, కరువు పనుల గుంపులలో రోగాలు అంటించుకోవడం మరో కారణం. కరువు పనులలో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని భారత ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినప్పుడు, అది మనిషిని బతికించే తిండి కాదని వాదించినవాడు రాజధాని శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్. 1871 జనాభా లెక్కల నివేదిక రాసినవాడు కూడా ఆయనే. తాను లెక్కించిన మనుషులు ఆరేళ్లు తిరగకుండా రాలిపోవడాన్ని ఆయన కళ్లారా చూశాడు.

ఒంగోలు నుంచి ఇద్దరు పాఠకులు: పాత సంపుటాలలో ఒక్కొక్క ఏటి వయస్సు చూపిన పట్టికలో 40 ఏళ్లవారు విపరీతంగా, 41 ఏళ్లవారు బొత్తిగా తక్కువగా ఉన్నారు. అలాగే 30, 50, 60 దగ్గర గుంపులు కనిపిస్తున్నాయి. అచ్చు తప్పా? ఇలాంటి లెక్కలను నమ్మవచ్చునా?

అచ్చు తప్పు కాదు. వయస్సు అడిగితే “నలభై ఉంటాయి” అని చెప్పడం మన పల్లెల్లో నేటికీ మామూలే. సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయస్సుల దగ్గర జనం కుప్ప పడడం పాత లెక్కలన్నిటిలోనూ ఉంది. పిల్లల విషయంలో 8, 10, 12 వంటి అంకెలమీద మొగ్గు ఎక్కువ.

ఈ కుప్ప ఎంత పెద్దదో కొలవడానికి విప్పుల్ సూచిక అనే సులువైన పద్ధతి ఉంది. 23 నుంచి 62 ఏళ్ల వరకు ఉన్నవారందరినీ కూడాలి. అందులో 25, 30, 35 ఇలా 60 వరకు అయిదుతో భాగించబడే వయస్సులు చెప్పినవారు ఎందరో చూడాలి. నిజమైన వయస్సులే చెబితే వారు మొత్తంలో సుమారు అయిదో వంతు ఉంటారు. ఉదాహరణకు ఒక ఫిర్కాలో ఆ వయస్సులవారు 10,000 మంది అనుకుందాం. అయిదుతో భాగించబడే వయస్సులవారు 2,000 ఉండవలసిన చోట 4,200 తేలితే, దాన్ని అయిదుతో హెచ్చించి మొత్తానికి నూటికి ఎంతో చూస్తే సూచిక 210 వస్తుంది. 100 వస్తే కుప్ప లేదని అర్థం, అందరూ గుండ్రని వయస్సులే చెబితే 500 వస్తుంది. 175 దాటితే ఆ లెక్కలోని వయస్సులు చాలా మోటువని ఐక్యరాజ్యసమితి ప్రమాణం.

మరి వయస్సు తెలియని జనమా వారు? కాదని నా గట్టి నమ్మకం. ప్రశ్న అడిగిన తీరే వారికి అనువైనది కాదు. పంచాంగం పలికే ఇళ్లలో పుట్టిన సంవత్సరం పేరు గుర్తుంటుంది. 1901 మార్చిలో ఒకామె “నేను ఈశ్వరలో పుట్టాను” అని ఉంటే, ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో అని వేళ్లమీద లెక్కకట్టవచ్చు, ఎందుకంటే అరవై ఏళ్ల చక్రంలో పొరపాటు పడితే అరవై ఏళ్లు పడాలి. పంచాంగం తెలియని కూలి ఇళ్లలో కూడా “కరువు నాటికి నడుస్తున్నాను”, “ఆ గాలివానకు పెద్దమనిషినయ్యాను” అనే గుర్తులు ఉంటాయి. జనాభా లెక్కల కాగితం సంవత్సరం పేరు అడగలేదు, ఏళ్లు ఎన్ని అని మాత్రమే అడిగింది. దాంతో పల్లెకు తెలిసిన ఖచ్చితమైన సంగతి కాగితానికి ఎక్కేలోపలే గుండ్రంగా అరిగిపోయింది.

ఆ కాగితం ఎలా తయారయ్యేదో కూడా తెలుసుకోవాలి. ముందుగా ఇళ్లకు నంబర్లు వేసేవారు. పల్లెల్లో ఈ భారం చాలావరకు కరణాలమీదా, వారి వంటి రాయను చదవను వచ్చినవారిమీదా పడేది. కొన్ని వారాల ముందే ఇంటింటికీ తిరిగి, నల్ల సిరాతో ముందస్తు లెక్క రాసుకునేవారు. జాతరలూ తిరునాళ్లూ లేని, వెన్నెల ఉండే రాత్రి ఒకటి నిర్ణయించేవారు. ఆ రాత్రి మళ్లీ గడపగడపకూ వెళ్లి, ఈలోగా చనిపోయినవారినీ ఊరు విడిచినవారినీ ఎర్ర సిరాతో కొట్టివేసి, కొత్తగా పుట్టినవారినీ వచ్చిన చుట్టాలనూ ఎర్ర సిరాతోనే చేర్చేవారు. ఏడాది నిండని బిడ్డకు అంకె వేయకుండా శిశువు అని రాసేవారు. 1901 నుంచి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చీటీ రాసి, మతాన్ని చీటీ రంగుతోనూ, స్త్రీ పురుష భేదాన్నీ వివాహ స్థితినీ గుర్తులతోనూ తెలిపి, గూళ్లలో వేరుచేసి లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. రాత్రిపూట దీపం పట్టుకుని గడపలో నిలబడిన కరణం, లోపలి గదిలో ఉన్న కోడలి వయస్సు మామగారిని అడిగి రాసుకున్నాడని గుర్తుపెట్టుకుంటే, ఆడవారి వయస్సులు మగవారి వయస్సులకంటె ఎందుకు మోటుగా ఉన్నాయో అర్థమవుతుంది. ముఖ్యంగా పది నుంచి ఇరవై లోపు ఆడపిల్లలు ఉండవలసినదానికంటె తక్కువగా తేలడం ఆనాటి నివేదికలన్నిటిలోనూ చర్చకు వచ్చిన విషయం. పెళ్లికాని పిల్ల వయస్సు తగ్గించి చెప్పడం, బిడ్డల తల్లి అయితే పెంచి చెప్పడం, కొన్ని ఇళ్లలో అసలు చెప్పకపోవడం, ఇవి కలిసి చేసిన పని అది.

ఇక నమ్మకం మాట. ఒక్కొక్క ఏటి అంకెను నమ్మకండి, అయిదేళ్ల గుంపులను జాగ్రత్తగా నమ్మండి, పదేళ్ల గుంపులను వాడుకోండి. ఆనాటివారు కూడా ముడి అంకెలను అలాగే వాడలేదు. 1881, 1891, 1901 లెక్కలకు హార్డీ, 1911కు ఆక్లండ్, 1931కి వైద్యనాథన్ వంటి బీమా గణకులు వాటిని చదును చేసిన తరువాతే ఆయుర్దాయ పట్టికలు కట్టారు. 1931లో మరో చిక్కు ఉంది. ఆ ఏడు నిండిన ఏళ్లు కాకుండా దగ్గరి పుట్టినరోజుకు వచ్చే వయస్సు రాయమన్నారు. ఆరు నెలలు దాటిన బిడ్డ ఆ లెక్కలో ఏడాది బిడ్డ. 1931 పసివాళ్ల సంఖ్యను 1921 సంఖ్యతో నేరుగా పోల్చి ఎవరైనా వ్యాసం రాస్తే, ఆ వ్యాసాన్ని అక్కడే ఆపి ఈ సంగతి అడగండి.

కనిగిరి నుంచి ఒక విద్యార్థిని: ప్రకాశం జిల్లాకు 1901 నాటి వయస్సుల పట్టిక ఎక్కడ దొరుకుతుంది?

దొరకదు, ఎందుకంటే అప్పుడు ఆ జిల్లా లేదు. మీ కనిగిరితో పాటు కందుకూరు, పొదిలి, దర్శి ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఒంగోలు కూడా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోదే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. ఈ మూడు జిల్లాల ముక్కలతో 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. 2022 ఏప్రిల్‌లో హద్దులు మళ్లీ మారాయి. 1901 నుంచి మొత్తం జనాభాను, స్త్రీ పురుషుల సంఖ్యను తరువాతి హద్దులకు సర్ది చూపిన పట్టికలు జనాభా సంపుటాలలో ఉన్నాయి. వయస్సులకు అలాంటి సర్దుబాటు లేదు, పాత రోజుల్లో తాలూకాలకు సాధారణంగా వయస్సుల పట్టిక అచ్చువేయలేదు. కాబట్టి మీ పరిశోధనకు 1901 నాటి నెల్లూరు జిల్లా అంకెలనే తీసుకుని, అవి ఏ హద్దులవో మొదటి పేజీలోనే రాయండి. 1901, 1911 నెల్లూరు అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు మధ్యలో ఒంగోలు వెళ్లిపోయిందని మరచిపోవద్దు.

వెంకటగిరి నుంచి ఒక పాఠకురాలు: 1911 నాటి పట్టికలో అయిదు నుంచి పదేళ్ల వయస్సు గల ఆడపిల్లల కింద “వితంతువులు” అని ఒక గడి ఉంది, అందులో అంకె కూడా ఉంది. అది నిజమేనా?

నిజమే అమ్మా. వయస్సు, స్త్రీ పురుష భేదం, వివాహ స్థితి మూడూ కలిపి వేసిన ఏడో నంబరు పట్టిక అది. ప్రతి వయోవర్గానికీ అవివాహితులు, వివాహితులు, భర్తగానీ భార్యగానీ చనిపోయినవారు అని మూడు గడులు ఉంటాయి. కన్యాశుల్కం, బాల్యవివాహం గురించి ఉపన్యాసాలు ఎన్ని విన్నా, ఆ చిన్న గడిలోని అంకె చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదు. కాపురానికి వెళ్లకుండానే పసుపు కుంకుమలు పోగొట్టుకున్న పిల్లలు వారు. 1856 చట్టం వితంతు వివాహాన్ని అనుమతించింది, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ తరువాత ముప్ఫై ఏళ్లకు కూడా ఆ గడి ఖాళీ కాలేదు.

ఆ పట్టికనే ఇంకొంచెం కిందికి చదవండి. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య మగవారిలో భార్య పోయినవారు కొద్దిమందే కనిపిస్తారు, ఆడవారిలో భర్త పోయినవారు ఆనాటి భారతదేశం మొత్తంమీద సగానికి దగ్గరగా ఉన్నారు. మగవారి భార్యలు చనిపోలేదని కాదు దానర్థం. వారు మళ్లీ పెళ్లి చేసుకుని వివాహితుల గడిలోకి వెళ్లిపోయారు. అదీ తమకంటె పదిహేను ఇరవై ఏళ్లు చిన్నవారిని చేసుకున్నారు, కనుక ఆ చిన్నవారూ ఒకనాటికి వితంతువుల గడిలోకే చేరతారు.

1931 పట్టిక చూసినప్పుడు మరో సంగతి మిమ్మల్ని కలవరపెడుతుంది. బాల్యవివాహాలు తగ్గవలసిన కాలంలో దేశం మొత్తంమీద పదిహేనేళ్ల లోపు వివాహితల సంఖ్య బాగా పెరిగింది. బాల్యవివాహాలను అరికట్టడానికి 1929లో ఆమోదం పొందిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఈలోగా ముహూర్తాలు పెట్టించుకుని తొందర తొందరగా జరిపించిన పెళ్లిళ్లు ఏడాది తిరగకుండానే లెక్కలలోకి ఎక్కాయి.

సూళ్లూరుపేట నుంచి ఒక పాఠకుడు: 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా జాడ 1921 లెక్కలలో తెలుస్తుందా?

తెలుస్తుంది, కాని ధాత కరువు చేసిన గాయానికి ఇది తలకిందులు. కరువు పసివాళ్లనూ వృద్ధులనూ ఏరుకుంటే, 1918 చివరి నెలల్లో విరుచుకుపడిన ఆ జ్వరం ఇరవై నుంచి నలభై ఏళ్ల దిట్టమైన వయస్సువారిని పట్టింది. ఆడవారు, అందులోనూ గర్భిణులు, బాలింతలు ఎక్కువగా చనిపోయారు. రోగికి ఇంట్లో సేవ చేసేది ఆడవారే కావడం ఒక కారణం. కాబోయే తల్లులు పోవడంవల్ల 1919లో కాన్పులు పడిపోయాయి. అందుకే 1921 మార్చి 18 నాటి పట్టికలో రెండు చోట్ల చూడాలి, రెండేళ్ల లోపు పిల్లల దగ్గరా, ఇరవై నుంచి నలభై మధ్య స్త్రీల దగ్గరా. ఈ రెండవది జిల్లా పట్టికలో సరిగా కనిపించదు. జిల్లాలకు 20 నుంచి 40 వరకు ఒకే గుంపుగా వేయడం ఆనాటి పరిపాటి, అందులో లోటు కరిగిపోతుంది. రాజధాని మొత్తానికి వేసిన అయిదేళ్ల గుంపుల పట్టిక చూడండి. జనాభా లెక్కలు మొదలైన తరువాత దేశ జనాభా ఒక దశాబ్దంలో పెరగకపోగా తగ్గింది 1911–1921 మధ్యలోనే.

కావలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు: మన రెండు జిల్లాలలో ఆడవారి సంఖ్య పెరుగుతున్నదని ఒకచోటా, ఆడపిల్లలు తగ్గిపోతున్నారని మరోచోటా చదువుతున్నాను. రెండూ ఎలా నిజమవుతాయి? పాత రోజులతో పోలిస్తే ఇప్పుడు మెరుగా, అధ్వానమా?

రెండూ నిజమే. 2001లో వెయ్యిమంది పురుషులకు నెల్లూరు జిల్లాలో 984 మంది, ప్రకాశం జిల్లాలో 971 మంది స్త్రీలు ఉండగా, 2011లో అవి 985, 981 అయ్యాయి. దేశం మొత్తానికి 2011 నిష్పత్తి 943. ఈ మాట విని సంతోషించేలోపలే 0–6 ఏళ్ల గడి చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయస్సులో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది ఉండగా 2011 నాటికి 939కి పడిపోయారు. మన రెండు జిల్లాలూ 2011లో 950కి దిగువనే ఉన్నాయి. మొత్తం నిష్పత్తి పెరగడానికి కారణం పెద్ద వయస్సు స్త్రీలు. కాన్పులో తల్లులు చనిపోవడం తగ్గింది, స్త్రీలు పురుషులకంటె ఎక్కువకాలం బతుకుతున్నారు, అరవై దాటినవారిలో ఆడవారే ఎక్కువ. పై అంతస్తులో అవ్వల సంఖ్య పెరిగి, కింది అంతస్తులో మనవరాళ్ల సంఖ్య తగ్గితే, మొత్తం అంకె మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే లింగ నిష్పత్తిని వయస్సు చెప్పకుండా ఎవరు చెప్పినా అది సగం మాటే.

పాత రోజులతో పోల్చడంలో మాత్రం ఒక న్యాయం పాటించాలి. ప్రకృతిలో వెయ్యిమంది మగబిడ్డలకు సుమారు 950 మంది ఆడబిడ్డలు పుడతారు. పుట్టిన తరువాత మగబిడ్డలు బలహీనులు, పసితనంలో వారే ఎక్కువగా చనిపోతారు. వందమంది పుడితే ఏడాది తిరిగేసరికి ఇరవైమందికి పైగా పోయే ఆ రోజుల్లో, మగబిడ్డలు రాలిపోగా, అయిదేళ్ల లోపువారిలో ఆడ మగ సంఖ్యలు దక్షిణాదిన ఇంచుమించు సమానంగా తేలేవి. నేడు పసిబిడ్డల మరణాలు బాగా తగ్గాయి కనుక, ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా ఆ నిష్పత్తి 950, 960 దగ్గరికి రావడం సహజం. 1961లో దేశంలో 976 ఉన్నది తరువాత తగ్గడంలో కొంత భాగం ఈ మంచి మార్పువల్ల వచ్చినదే. కాని పుట్టుక దగ్గరే 950 ఉండవలసినది, పసితనంలో మగబిడ్డల మరణాలు కలిసిన తరువాత కూడా 950కి దిగువన తేలిందంటే, దానికి ప్రకృతిని బాధ్యురాలిని చేయలేం. ఒకరిద్దరు పిల్లలతో సరిపెట్టుకునే కుటుంబాలలో, ఆ ఒకరిద్దరిలో కొడుకు ఉండాలన్న పట్టుదల స్కానింగు గది దాకా వెళ్లిందనే అర్థం. గర్భంలో ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 కాన్పులే. కాన్పులు ఎంత తగ్గితే ఈ ఒత్తిడి అంత పెరుగుతుంది. అందువల్ల దీన్ని గడచిన తరాల జాడ్యంగా చూడడం తప్పు, ఇది చదువుకున్న, కలిగిన ఇళ్లదీ అయిన జాడ్యం.

పాత సంఖ్యలలో తెలిసిన అన్యాయం మరోచోట ఉంది. ఆడపిల్ల పుట్టేది, పసితనం దాటేది, పదిహేను నుంచి నలభై మధ్య కాన్పులలో పోయేది. ఇప్పుడు ఆ వయస్సు దాటడం తేలికైంది, పుట్టడమే కష్టమైంది. రెండింటిలో ఏది మెరుగని నన్ను అడిగారు. పుట్టనివ్వని కాలాన్ని మెరుగైనదని అనడానికి నాకు నోరు రాదు.

మీ పిల్లలతో మండలాల వారీగా ఈ లెక్కలు కట్టించేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, కృష్ణపట్నం పోర్టు వంటి చోట్లకు బయటినుంచి వచ్చేది ఎక్కువగా మగ కూలీలు. పడమటి మెట్ట మండలాల నుంచి హైదరాబాదుకూ బెంగళూరుకూ పనులకు వెళ్లేవారున్నారు. అలాంటి చోట్ల పెద్దల నిష్పత్తి వలసవల్ల అటూ ఇటూ అవుతుంది. పైగా 1931 వరకు ఆ రాత్రి ఎక్కడ ఉన్నవారిని అక్కడే లెక్కపెట్టారు, ఇప్పుడు మామూలుగా నివసించే చోట లెక్కపెడుతున్నారు. 0–6 గడికి ఈ చిక్కులు చాలా తక్కువ, కాబట్టి వారు దానితోనే మొదలుపెట్టడం మేలు.

అద్దంకి నుంచి ఒక పాఠకుడు: మా అమ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది, అది నిజం కాదు. రాబోయే జనాభా లెక్కలలో ఏ వయస్సు చెప్పాలి?

మీకు నిజమని తెలిసినదే చెప్పండి. 1948 జనాభా లెక్కల చట్టం కింద మీరు చెప్పే వివరాలు రహస్యంగా ఉంటాయి, వయస్సుకు రుజువు చూపమని అడగరు. లెక్కకు ప్రమాణం 2027 మార్చి 1, ఆ నాటికి నిండిన ఏళ్లు చెప్పాలి. అమ్మగారిని తేదీ అడగకుండా గుర్తులు అడగండి. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు పోయినప్పటి గొడవలు గుర్తున్నాయా, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బడికి వెళుతున్నదా, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పటికి చంకలో ఎవరున్నారు, 1977 నవంబరు ఉప్పెన నాటికి పెద్దబిడ్డకు ఎన్నేళ్లు అని ఒక్కొక్కటే అడిగితే ఏడాది అటూ ఇటూగా తేలిపోతుంది. రాష్ట్రం వచ్చిన నాటికి ఆమెకు అయిదేళ్లు నిండి ఆరు నిండలేదని తేలితే, 2027 మార్చి 1కి 78 గానీ 79 గానీ అవుతాయి. ఆమె పుట్టినది అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపా, మార్చి నుంచి సెప్టెంబరు లోపా అన్నది కూడా అడిగి ఆ రెండింటిలో ఒకటి నిర్ణయించుకుని చెప్పండి, 80 అని మాత్రం రాయించకండి.